రెండవ జ్వరము

జలుబు మందు వేసికొనినచో వారమునకును, వేసికొననిచో ఏడు దినములకును తగ్గునని మనలో ఒక చతురోక్తి కలదు. ఆ వారము గడచిన పిదప వచ్చు జ్వరమును గూర్చి ఆ ఉక్తి ఏమియు చెప్పదు. 1918లో అధికముగా ప్రాణములు తీసినది ఆ రెండవ జ్వరమే.

ఆ యేడు జూను నెలలో బొంబాయి రేవున కనిపించిన ఇన్‌ఫ్లూయెంజా, వర్షర్తువు చివర మఱింత క్రూరమై మద్రాసు రాజధానికిని వ్యాపించెను. ఉప్పలగుప్తము అప్పుడు గోదావరి మండలమందలి అమలాపురము తాలూకాలోనిది. దేశము మొత్తముమీద కోటికి పైగా జనులు గతించిరి. నేటి భారత భూభాగమున 1921 నాటి జనసంఖ్య 1911 నాటికన్న తగ్గినది. జనాభా లెక్కలు ఆరంభమైనది మొదలు అట్లు తగ్గిన దశాబ్దము అదియొక్కటే.

ఆనాటి వైద్యులకు చిక్కు ఏర్పడినది. 1892లో జర్మను శాస్త్రజ్ఞుడు ఫైఫర్ ఒక సూక్ష్మక్రిమిని చూపి, ఇన్‌ఫ్లూయెంజాకు ఇదియే మూలమనెను. కాని మృతుల ఊపిరితిత్తులలో ఒకచోట ఆ క్రిమి, వేరొకచోట న్యూమోకాకస్, మఱియొకచోట స్ట్రెప్టోకాకస్ కనిపించెను. దోషి యెవరు? 1933లో ఆంగ్ల శాస్త్రజ్ఞులు మనుష్యులనుండి వైరసును వేరుచేయగా సగము జవాబు దొరికెను. మిగిలిన సగము 2008 నాటిది. ఆనాడు మరణించిన అమెరికా సైనికుల ఊపిరితిత్తుల తునకలను మరల పరీక్షింపగా, దాదాపు అన్నిటియందును బాక్టీరియా న్యూమోనియా గుర్తులు తేలెను. తలుపు విఱుగగొట్టినది ఒకరు, దోచినది వేరొకరు!

అది యెట్లు జరుగునో కోనసీమవారికి సులభముగా బోధపడును. సముద్రపు దాపున గట్టు తెగినచో ఉప్పునీరు చేనిలోనికి తనంత తానే వచ్చును. మన శ్వాసనాళములలోని సన్నని నూగు, కఫమును క్రిములను నిరంతరము పైకి ఊడ్చుచుండును. వైరసు ఆ పొరను చెఱచును. రక్షక కణముల చుఱుకుదనమును తగ్గించును. ముక్కునందును గొంతునందును అణగియున్న క్రిములే అంతట క్రిందికి దిగును. తగ్గిన జ్వరము మరల చలితో రేగుట, డొక్కలో పోటు, తుప్పురంగు కఫము, ఆయాసము దాని జాడలు. జలుబు ముదిరినదని ఇంటిలో కూర్చుండదగిన స్థితి కాదని మేము గట్టిగా చెప్పుచున్నాము.

1918లో ఈ క్రిములకు మందు లేదు. గోదావరి కావలి గట్టున భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అప్పుడు మద్రాసులో వైద్యవిద్యార్థి. అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు ఆయన నాయకత్వము వహించియుండగా డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని జీవినుండి ఆరియోమైసిన్ తీసెను. అది 1948లో లోకమునకు వెల్లడియైనది. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూసిరి. ఆ మందు ఇన్‌ఫ్లూయెంజా వైరసును ఏమియు చేయలేదు. దాని వెనుక వచ్చు క్రిములను అణచును. అమలాపురము తాలూకా రోగులకు అది ముప్పది యేండ్లు ఆలస్యమైనది.