వెనుక వరుసలోని హైదరాబాదీ

ఫుట్‌బాలు చరిత్ర వ్రాయువారికి గోలు కొట్టినవాడు కనబడినంత స్పష్టముగా గోలును ఆపినవాడు కనబడడు. ఆట ముగిసిన మరునాడు పత్రికలో గోలు కొట్టినవాని పేరును, కొట్టిన నిమిషమును అచ్చుపడును. వెనుక వరుసలో నిలిచి ఎదిరి పక్షమును 90 నిమిషములు అడ్డగించిన బ్యాకు పేరు 11 మంది పట్టికలో ఒకటిగా మాత్రమే మిగులును. అతడు చేసిన పనికి అంకె లేదు. జరుగనిదానిని ఎవరు లెక్కింపగలరు? తెలుగునేల నుండి వచ్చిన గొప్ప బ్యాకులలో ఒకరైన సయ్యద్ నయీముద్దీన్ పేరు మన పిల్లలలో పెక్కుమందికి తెలియకపోవుటకు ఇది ఒక కారణమని మా తలంపు. మరియొక కారణము కూడ కలదు. దానిని ముందు చెప్పుదుము.

ఇంగ్లండు దేశమున ఇట్టి ఆటగాండ్రకు వేరొక మర్యాద కలదు. నయీముద్దీన్ కంటె ఒక్క యేడు పెద్దయైన నార్మన్ హంటర్ సంగతి చూడుడు. 1943లో జన్మించిన ఈయన లీడ్స్ యునైటెడ్ జట్టు పక్షమున 1962 మొదలు 1976 వరకు 700కు పైగా ఆటలు ఆడెను. ఎదిరి కాలి యొద్దనున్న బంతిని లాగుకొనుటలో (ఆటవారు దీనిని ట్యాకిలు అందురు) ఆయనను మించినవారు ఆనాడు అరుదు. బంతితో పాటు కాలు కూడ లాగునని గిట్టనివారి మాట. గిట్టనివారి దాక ఏల? నార్మన్ కాళ్ళు కరచునని లీడ్స్ అభిమానులే గుడ్డపై వ్రాసి మైదానమున మురిపెముగా పట్టుకొనిరి. 1973 అక్టోబరులో వెంబ్లీ మైదానమున పోలండుతో జరిగిన ఆటలో హంటర్ పక్కగీత యొద్ద బంతిని పోగొట్టుకొనగా పోలండు గోలు చేసెను. ఆట 1–1గా ముగిసి, ఇంగ్లండుకు 1974 ప్రపంచకప్పు పోటీలలో చోటు దక్కలేదు. వందలకొలది బంతులను ఆపినవాని పేరు ఆపలేని ఆ ఒక్క బంతితో ముడిపడిపోయెను. కాని కొలది నెలలకే, 1974లో, అక్కడి వృత్తి ఆటగాండ్ర సంఘము తమలో శ్రేష్ఠునికి ఇచ్చు బహుమానమును మొట్టమొదటిసారి ప్రకటించినపుడు తోటి ఆటగాండ్రు ఎన్నుకొన్నది హంటర్‌నే. మెట్ల మీద కూర్చుండి చూచినవానికి తెలిసినది వేరు, పక్కన నిలిచి ఆడినవానికి తెలిసినది వేరు.

నయీముద్దీన్ 1944లో హైదరాబాదులో జన్మించెను. ఆయన ఆటను అర్థము చేసికొనుటకు ఆ నగరమున ఫుట్‌బాలు ఎట్లు వేరూనినదో కొంత తెలియవలెను. సికిందరాబాదు, బొలారము కంటోన్మెంట్లలో ఆంగ్ల సైనికులు ఆడిన ఆట క్రమముగా నగరపు రక్షకభటులకును, బస్తీల బాలురకును పాకెను. ఆవడివాసులమైన మనకు ఇది సులువుగా బోధపడును. యుద్ధకాలపు సైనిక డిపోలు, 1960ల నుండి యుద్ధశకటములు తయారుచేయు హెవీ వెహికిల్స్ ఫ్యాక్టరీ, వైమానిక దళ స్థావరము, వీని నడుమ పెరిగిన ఊరు మనది. సైన్యమున్న చోట కవాతు మైదానము, మైదానమున్న చోట సాయంకాలమున బంతి తప్పవు గదా.

ఆ బంతికి శాస్త్రము నేర్పినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. రహీం సాహెబు వృత్తిచే ఉపాధ్యాయుడు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యెను. ఆ యేడే ఆ జట్టు డ్యూరాండ్ కప్పు ఫైనలులో మోహన్ బగాన్‌ను ఓడించినది. బొంబాయి రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా 5 సార్లు గెలుచుకొన్నది. బలమైన కాలిని విడిచి బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలెనని పోటీలు పెట్టుట, బంతిని ఒక్కసారి తాకి వెంటనే తోటివానికి అందింపవలెనని నియమించుట వంటివి ఆయన పద్ధతులు. ఈ కారణమున హైదరాబాదు ఆట యనగానే చిన్న చిన్న పాసుల సొగసు అందరికి జ్ఞప్తికి వచ్చును. అది నిజమే. కాని ఆ సొగసు వెనుక కఠినమైన రక్షణ ఉండెనన్న సంగతి మరుగున పడిపోయినది. సిటీ పోలీసు బ్యాకు అజీజుద్దీన్ 1952 హెల్సింకి, 1956 మెల్బోర్న్ ఒలింపిక్ జట్లు రెండింటను ఉండెను. హెల్సింకిలో మనవారిలో పెక్కురు వట్టి కాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 10–1గా ఓడిరి. మెల్బోర్నులో బూట్లు తొడిగి, రహీం శిక్షణలో సెమీఫైనలు వరకు వెళ్ళి నాల్గవ స్థానమున నిలిచిరి. అక్కడను ఓడించినది యుగోస్లావియాయే, కాని ఈసారి 4–1. నాలుగేండ్లలో తగ్గిన ఆ ఆరు గోలులు వెనుక వరుస సాధించిన చదువు.

రహీం 1962లో జకార్తా ఆసియా క్రీడలలో భారతదేశమునకు స్వర్ణపతకము తెచ్చి, 1963 జూనులో క్యాన్సరు వ్యాధితో మరణించెను. నయీముద్దీన్‌కు అప్పటికి ఇరువది యేండ్లు నిండలేదు. ఆయన తరము ఆ గురుపరంపర చివరి కొమ్మ. 1965–66 సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ జట్టు కొల్లములో బెంగాలుతో సంతోష్ ట్రోఫీ ఫైనలు ఆడి, మొదటి ఆట 1–1గా ముగియగా, తిరిగి ఆడినపుడు 1–0గా గెలిచినది. ఆ గెలుపే ఒక విధముగా మన నష్టమునకు దారితీసినది. కలకత్తా జట్లవారి కన్ను మనవారిపై పడెను. 1966లో నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ మున్నగువారు ఈస్ట్ బెంగాల్ జట్టునకు తరలిపోయిరి. ఆ మహానగరమున ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మొహమ్మడన్ స్పోర్టింగ్ అను మూడు పెద్ద జట్లలోను నయీముద్దీన్ ఆడెను. ఒక జట్టు విడిచి ఎదురు జట్టునకు పోయినవానిని కలకత్తావారు తేలికగా క్షమింపరు. ముగ్గురి చేతను గౌరవము పొందుట సామాన్యము కాదు.

ఆయన ఆడిన తావు వెనుక వరుస నడుమ. అక్కడ పని ఎట్టిదో ఇంచుక వివరింపవలెను. పూర్వము ఇద్దరు బ్యాకులతో ఆడెడివారు, పిదప ముగ్గురైరి, 1958లో బ్రెజిలు నలుగురు బ్యాకులతో ప్రపంచకప్పు గెలిచిన తరువాత లోకమంతయు ఆ దారి పట్టెను. నడుమ నిలిచినవాడు ఎదిరి ముందువరుసలోని బలవంతుని మీద కన్నువేసి యుండవలెను, పక్కవాడు తప్పిన చోటికి తానే పరుగెత్తవలెను. కలకత్తా లీగు ఆటలు వానకాలమున జరుగును. బురదలో జారుచు కాలు చాచి బంతిని తన్నుట చూచుటకు సాహసముగ ఉండును, కాని అర క్షణము ఆలస్యమైనచో బంతి పోయి ఎదిరి కాలు దొరకును. అప్పుడు ఫౌలు, గోలు యెదుట అయినచో పెనాల్టీ. కావున మొరటువాడు మంచి ట్యాకిలు చేయలేడు. దేహమును అడ్డుపెట్టి ఎదిరిని పక్కగీత వైపునకు త్రోయుచు, వాడు బంతిని కాలికి ఒక మూర దూరము వదలువరకు ఓపిక పట్టి, వదలిన వెంటనే కఠినముగా దూకినవాడే నేర్పరి. నయీముద్దీన్‌కు దయలేని బ్యాకు అని పేరు. ఆ కాఠిన్యము కోపము వలన గాక లెక్క వలన వచ్చినదని మేము అనుకొందుము.

1970 డిసెంబరులో బ్యాంకాకులో ఆసియా క్రీడలు జరిగెను. భారత జట్టునకు నాయకుడు నయీముద్దీన్. హబీబ్ కూడ ఆ జట్టులోనే ఉండెను. మన జట్టుపై ఎవ్వరికిని పెద్ద ఆశలు లేవు. 1962 నాటి మహావీరులు పెక్కురు విరమించిరి. 1960 రోము తరువాత మనకు ఒలింపిక్ ప్రవేశమే దొరకలేదు. ఆ పోటీలలో జపానుతో ఒక ఆట ముందే ఓడితిమి. సెమీఫైనలులో బర్మా మనలను ఓడించెను. ఆ బర్మా కొరియాతో సమానముగా స్వర్ణపతకము పంచుకొన్నది గనుక ఆ ఓటమి సిగ్గుపడదగినది కాదు. మిగిలినది కాంస్యపతకపు ఆట. ఎదుట మరల జపాను. ఇది రెండేండ్ల క్రిందట, 1968లో, మెక్సికో ఒలింపిక్ క్రీడలలో కాంస్యపతకము గెలిచిన దేశము. సెమీఫైనలులో ఓడిన జట్టు సామాన్యముగా ఇట్టి ఆటలో సగము మనసుతో ఆడును. మనవారు 1–0గా గెలిచిరి. ఆ ఒక్క గోలు కొట్టిన మంజిత్ సింగ్ పేరు ఏ పట్టిక చూచినను దొరకును. మరి ఆ రెండవ అంకె, ఆ సున్న, ఎవరిది? ఆ ప్రశ్న అడిగినవారు తక్కువ. ఒలింపిక్ పతకము గల జట్టును ఆటంతయు గోలు లేకుండ నిలిపినది వెనుక వరుస. ఆ వరుసకు నడుమ నిలిచినది మన నయీముద్దీన్. ఆ తరువాత అర్ధశతాబ్దము దాటినను ఆసియా క్రీడల ఫుట్‌బాలులో భారతదేశమునకు మరియొక పతకము రాలేదు. ఆ యేటికి గాను ప్రభుత్వము ఆయనకు అర్జున బహుమానము ఇచ్చినది.

ఇక, ముందు చెప్పుదుమన్న రెండవ కారణము. మన సంఘపు కూటములలో తెలుగు ప్రముఖుల పట్టిక తయారు చేయునపుడు హైదరాబాదు ముస్లిము ఆటగాండ్ర పేర్లు వచ్చుట అరుదు. అడిగినచో, వారి యింట ఉర్దూ గదా అందురు. ఈ మాట మన నోట రాదగినదేనా? తరతరములుగా తమిళనాట స్థిరపడి, ఇంట తెలుగును వీధిలో తమిళమును మాటలాడుచు, నీవు ఏ ఊరివాడవని అడిగినవానికి ఒక్క మాటలో జవాబు చెప్పలేక తడబడువారము మనము. తిరుత్తణి కొండ ఎవరిదను తగవు మన పెద్దలు చూచినదే. 1960లో సరిహద్దు మార్చినపుడు ఊళ్ళు రాష్ట్రము మారినవి గాని ఇండ్లలోని మాట మారలేదు. ఇంటి భాష ఒకటియై నేల మరియొకటియైనవాని బాధ మనకు తెలిసినంత ఎవరికి తెలియును? గోలకొండ నీడలో ఉర్దూ మాటలాడిన ఆటగాడు, పాలారు నీళ్ళు త్రాగి తెలుగు మాటలాడు మనము, ఒకే రకము ప్రజలము. ఆయనను మన పట్టికలో వ్రాయుట ఆయనకు మనము చేయు ఉపకారము కాదు; మన చరిత్రకు మనము చేసికొనవలసిన సవరణ. వచ్చు సంచికలో తెలుగు క్రీడాకారుల పుట వేయునపుడు అజీజుద్దీన్, నయీముద్దీన్, హబీబ్ పేర్లు ఉండితీరవలెనని సంపాదకులకు మా విన్నపము. హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాదులో కన్నుమూసినపుడు కలకత్తా పొందిన దుఃఖములో మనకు ఎంత పాలు దక్కినదో ఎవరికి వారు చూచుకొందురుగాక.

ఆట విరమించిన తరువాత నయీముద్దీన్ శిక్షకుడయ్యెను. తిండి, నిద్ర, వేళ, అన్నింటను ఆయన కట్టుదిట్టములు ఆటగాండ్రలో కొందరికి రుచింపలేదు; నూనె వంటకములు మాన్పించి ఉడికించిన తిండి పెట్టించునని గొణిగినవారును కలరు. 1990లో ఆయన శిక్షణలోని ఈస్ట్ బెంగాల్ ఐ.ఎఫ్.ఏ. షీల్డు, డ్యూరాండ్ కప్పు, రోవర్స్ కప్పు మూడింటిని ఒకే యేట గెలిచిన పిదప గొణుగుడు కొంత తగ్గియుండును. ఆ సంవత్సరమే ద్రోణాచార్య బహుమానము వచ్చెను. ఆటగానిగా అర్జున, గురువుగా ద్రోణాచార్య, రెండును ఒక్కరికే దక్కుట మన ఫుట్‌బాలులో మిక్కిలి అరుదు.

ఇంతలో పుట్టినయింట ఆట సన్నగిల్లినది. 1965–66 తరువాత ఆంధ్రప్రదేశ్ గాని, 2014లో ఏర్పడిన తెలంగాణ గాని సంతోష్ ట్రోఫీ గెలువలేదు. నగరము పేరు పెట్టుకొన్న వృత్తిజట్టు హైదరాబాద్ ఎఫ్.సి. 2022లో ఇండియన్ సూపర్ లీగు గెలిచినది గాని అది పెంచిన మొక్క కాదు, తెచ్చి నాటిన చెట్టు.

నయీముద్దీన్ భారత జట్టునకు రెండు పర్యాయములు శిక్షకుడుగ ఉండెను. రెండవ పర్యాయమున, 2005 డిసెంబరులో, కరాచీలో జరిగిన దక్షిణాసియా పోటీల ఫైనలులో మనవారు బంగ్లాదేశును 2–0గా ఓడించిరి. అరువది యేండ్లు దాటిన ఆ పాత బ్యాకు అప్పుడు గీత యవతల నిలిచి యుండెను. గీత లోపల ఆయన నిలిపిన వెనుక వరుస ఒక్క గోలు కూడ పోనీయలేదు.