బోధను చక్కెర, ఇంటి కేకు

కేకు అనగానే అది దొరల బల్లమీది భక్ష్యమనియు, ఓవెను లేని ఇంట దానికి తావు లేదనియు మనలో పలువురు తలంతురు. చరిత్రను కొంచెము తరచి చూచినచో ఈ తలంపు నిలువదు. గ్రుడ్లు, చక్కెర, గోధుమపిండి: సాదా కేకునకు ఈ మూడే చాలును. ఈ మూడింటిలో దానికి తీపినిచ్చు చక్కెర మన దేశమున పుట్టి, లోకమంతయు తిరిగి, తుదకు మన ఇందూరు సీమలోనే పెద్ద పరిశ్రమగా వెలసినది.

క్రీస్తుపూర్వము నాలుగవ శతాబ్దిలో అలెగ్జాండరు నౌకాధిపతియగు నియార్కసు, ఈ దేశమున తేనెటీగల ప్రమేయము లేకయే తేనెనిచ్చు రెల్లు కలదని ఆశ్చర్యముతో చెప్పెను. ఆ రెల్లే చెఱకు. దాని రసమును కాచి పలుకులుగా గట్టిపరచు విద్య మన పూర్వులదే. ఆ పలుకులను శర్కర యనిరి. గులకఱాయి అనియు ఆ మాటకు అర్థము కలదు. అదియే పారసీకమున షకర్, అరబ్బీలో సుక్కర్, ఇంగ్లీషున షుగర్ అయినది. కోస్తా వారు పంచదార అనుచుండగా తెలంగాణమువారు చక్కెర అనియే అందురు. బోధనులోని కర్మాగారపు పేటకు శక్కర్‌నగర్ అను పేరు వచ్చినదియు ఆ మాటనుండియే.

ఆ పేటకు మూలము నీరు. 1923లో మంజీర నదిపై మొదలిడిన నిజాంసాగరు నిర్మాణము 1931 నాటికి పూర్తియైనది. దానిని రూపొందించిన ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగు. కాలువనీరు పారిన నేలలలో వరితోపాటు చెఱకు విస్తరించినది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపితమై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుగాంచినది. అంతకు ముందు పల్లెలలో చెఱకు గానుగకు చేరి బెల్లమగుచుండెడిది. కర్మాగారము వచ్చిన పిదప తెల్లని చక్కెర ఈ సీమ సొంత సరుకైనది.

ఇదే కాలమున ఆంగ్లేయుల తిండి, పండుగలు కూడ ఈ ప్రాంతమునకు పరిచయమగుచుండెను. స్కాట్లండు దేశపు వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1911లో నిజామాబాదున కుష్ఠురోగులకు చికిత్స ఆరంభించిరి. రోగులు పెక్కుమంది రాగా, హిందూ దాతయగు నర్సాగౌడు ధనసహాయముతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి వెలసినది. లోకము దూరముగా నెట్టినవారికి అచట నీడ దొరకినది. 1924 క్రిస్మసునాడు మెదకు చర్చి ప్రతిష్ఠ జరిగినది. క్రిస్మసుతో పాటు కేకు కూడ తెలుగు క్రైస్తవుల ఇండ్లలో పండుగ వంటకమై, క్రమముగా ఇరుగుపొరుగునకు పంచు తీపి అయినది.

విదేశపు వంటను స్థానిక వస్తువులతో చేసుకొనుట మనకు కొత్త కాదు. 1883లో కేరళములోని తలశ్శేరియందు మాంబళ్ళి బాపు అను రొట్టెల వర్తకుడు ఒక ఆంగ్లేయుడు చూపిన మాదిరిని బట్టి క్రిస్మసు కేకు చేసెననియు, బ్రాందీకి బదులు అక్కడి జీడిమామిడి పండ్ల సారాయము వాడెననియు ప్రతీతి.

కేకు గుల్లగా పొంగుటకు కారణము గాలి. 1843లో బర్మింగుహామున ఆల్‌ఫ్రెడ్ బర్డు బేకింగు పౌడరు కనుగొనుటకు పూర్వము, ఐరోపా గృహిణులు గ్రుడ్లను చిరకాలము గిలకొట్టి ఆ గాలిని చేర్చెడివారు. చేతిసత్తువయే వారి పౌడరు. ఇక ఓవెను సంగతి. పిండిని గిన్నెలో అద్ది మూతపెట్టి కాల్చు సర్వపిండి తెలంగాణమున ఇంటింటి వంట. కోస్తాలో మినపరొట్టెకు క్రింద నిప్పు, మూతపై నిప్పులు ఉంచెడివారు. ఓవెను చేయు పనియు ఇంతియే: అన్ని వైపులనుండి సమముగా వేడి తగిలించుట.

పద్ధతి వినుడు. 4 గ్రుడ్లు, 120 గ్రాముల చక్కెర, 120 గ్రాముల మైదా తీసికొనవలెను. గ్రుడ్లను చక్కెరతో కలిపి ఇరువది నిమిషములకు తక్కువ కాకుండ గిలకొట్టిన, అది లేతరంగు తిరిగి మూడింతలగును. జల్లించిన మైదాను కొద్దికొద్దిగా చల్లుచు, నురుగు అణగకుండ క్రిందినుండి పైకి మెల్లగా కలుపవలెను. దళసరి గిన్నెలో రెండు వ్రేళ్ళ మందమున ఇసుక పోసి, మూతపెట్టి, పది నిమిషములు కాచి, నెయ్యి రాచిన పళ్ళెములో పిండిని పోసి అందు దించవలెను. సన్నని మంటపై ముప్పది అయిదు నిమిషములు పట్టును. మొదటి ఇరువది నిమిషములలో మూత తీసినచో కేకు కుంగును. సన్నని పుల్ల గ్రుచ్చి తీయగా పిండి అంటనిచో ఉడికినట్లే. గ్రుడ్డు తినని ఇండ్లలో పుల్లపెరుగు, తినే సోడా ఆ పని చేయును. పులుపు తగులగానే సోడానుండి బొగ్గుపులుసు వాయువు పుట్టి పిండిని పొంగించును.

ఇంత సులభమైన తీపి వెనుక రైతు కష్టము కలదు. చెఱకు ఇంచుమించు ఏడాది పంట. కొట్టిన పిమ్మట త్వరగా ఆడకున్న దానిలోని చక్కెర తరిగిపోవును. అందువలన పొలమునకు దగ్గరలో కర్మాగారముండుట రైతునకు ప్రాణాధారము. బోధను కర్మాగారము 2002లో ప్రభుత్వ, ప్రయివేటు భాగస్వామ్యమునకు మారినది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటనతో దాని యంత్రములు ఆగినవి. కార్మికుల జీతములు నిలిచినవి. రైతులు చెఱకును దూరపు కర్మాగారములకు తరలింపవలసి వచ్చినది, లేదా వేరు పైరునకు మరలవలసి వచ్చినది.

ఇంట కేకు కాల్చునపుడు కొలిచిపోయు ఆ 120 గ్రాములలో ఒక నది, ఒక కాలువ, ఒక పంట, వేలాది చేతుల పని ఇమిడియున్నవి. పిల్లలకు తీపితో పాటు ఈ కథయు చెప్పుట మంచిది. తాము తినునది ఏ నేలనుండి వచ్చినదో ఎరిగినవారే ఆ నేల బాగోగులు విచారింతురు.