నిమేషోన్మేష విచారము

మానవదేహమున నెడతెగక జరుగుచు, జరుగుచున్నట్లు ఆ దేహము గలవానికే తోపకుండు చేష్టలలో ఱెప్పపాటు ఒకటి. మేలుకొని యూరక కూర్చున్న మనుష్యుడు నిమిషమునకు సుమారు 15 మొదలు 20 సారులు ఱెప్పలార్చును. అయినను దినాంతమున, లోకము తనకెన్నిసారులు మఱుగుపడెనో యెవ్వడును చెప్పజాలడు. ఈ స్వల్పచేష్టను మన పూర్వులు మూడు విధముల నుపయోగించుకొనిరి. కవులకిది దేవమానవభేదమును తెలుపు గుర్తు, కాలవేత్తలకు కొలత, దార్శనికులకు ఆత్మ కలదనుటకు లింగము. ఈ మూడవ యుపయోగమే యిచట ముఖ్యముగా విచారింపదగినది. ఏలయన, నిమేషమునకు కర్త యెవరను ప్రశ్న నాటినుండి నేటివఱకు నడచుచునే యున్నది.

దేవతలకు అనిమిషులని పేరు. అమరసింహుడు అనిమిషశబ్దమునకు సురలనియు మత్స్యములనియు రెండర్థములు చెప్పెను. నలోపాఖ్యానమున దమయంతి, నలరూపము దాల్చిన దిక్పాలురనుండి నలుని వేఱుపఱచి తెలిసికొనుటకు తోడ్పడిన గుర్తులలో ఱెప్పపాటొకటి. ఆ కథ నన్నయభట్టారకుని ఆరణ్యపర్వమువలన తెలుగువారికి చిరపరిచితము. వసిష్ఠశాపమున దేహమును గోల్పోయిన నిమిచక్రవర్తి మరల శరీరధారణమునకు సమ్మతింపక, ప్రాణుల కన్నులయందు నివసించెననియు, నాటినుండి ప్రాణులు ఱెప్పలార్చుచున్నవనియు విష్ణుపురాణము చెప్పుచున్నది. కర్త యెవరను ప్రశ్నకు పౌరాణికుల సమాధానమిది.

కాలమానమున నిమేషము మొదటిమెట్టు. మనుస్మృతి ప్రకారము 18 నిమేషములొక కాష్ఠ, 30 కాష్ఠలొక కల, 30 కలలొక ముహూర్తము, 30 ముహూర్తములొక అహోరాత్రము. గుణించినచో దినమునకు 4,86,000 నిమేషములగును. అనగా నొక్కొక్కటి సెకనులో నూటికి 18 పాళ్లు. విష్ణుపురాణము 15 నిమేషములకే కాష్ఠ యనుటచే నది 21 పాళ్లగును. అమరకోశము నడుమ క్షణమను మెట్టును జేర్చుటవలన దినమునకు 58,32,000 నిమేషములై, ఒక్కొక్కటి ఒకటిన్నర పాలునకు దిగును. నేటి యంత్రములతో కొలువగా సహజమైన ఱెప్పపాటు సెకనులో నూటికి 10 మొదలు 40 పాళ్లవఱకు పట్టుచున్నది. కావున మొదటి రెండు లెక్కలును ఱెప్పకు తగియున్నవి; అమరుని లెక్క సంకేతమాత్రము. తెలుగున నిమిషమను మాట నేడు 60 సెకనుల కాలమునకు పేరుకాగా, తొల్లిటి యర్థమును ఱెప్పపాటను పదమే నిలుపుకొన్నది.

ఇక దార్శనికుల మాట. కణాదుడు వైశేషికసూత్రముల మూడవ అధ్యాయమున ఉచ్ఛ్వాసనిశ్వాసములు, సుఖదుఃఖములు, ఇచ్ఛాద్వేషములు మొదలగువానితోపాటు నిమేషోన్మేషములనుగూడ ఆత్మకు లింగములుగా పరిగణించెను. ప్రశస్తపాదుడు దీనికి దృష్టాంతమును జూపెను. కొయ్యబొమ్మ నియమముతో కదలుచుండగా, దానిని ఆడించువాడొకడు కలడని యూహింతుము. అటులనే ఱెప్పల నియతచలనమువలన దేహమునకొక ప్రయోక్త కలడని యూహింపవలెను. ఈ యుక్తికి బలము నియతియందున్నది. గాలికి ఆకు కదలును గాని ఆ కదలికకు నియమము లేదు. ఱెప్పకు బయటి ప్రేరణ కానరాదు, నియమము కానవచ్చుచున్నది. కావున ప్రేరకుడు లోపలనున్నాడని తాత్పర్యము.

వైద్యులు ఇదే చేష్టను వేఱొక కంటితో జూచిరి. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున వర్త్మరోగములు, అనగా ఱెప్పకు వచ్చు వ్యాధులు, 21 చెప్పబడినవి. వానిలో నిమేషమను పేరిటిదే యొకటి గలదు. వాయువు ఱెప్పను కదలించు సిరలయందు ప్రవేశించి దానిని మితిమీఱి యాడించుట దాని లక్షణము. ఱెప్ప చేష్టయుడిగి మూతపడకుండుట వాతహతవర్త్మము. ఇట ప్రయోక్త ప్రసక్తి లేదు. సిర, వాయువు, వాని వికృతి మాత్రమే కారణములు. ఇట్లు ఒక్క చేష్టకే ఆత్మకారణత్వమును, దేహకారణత్వమును మన శాస్త్రములలోనే ప్రక్కప్రక్కన నిలిచియున్నవి.

ఈ ద్వైధమే ఐరోపాఖండమున 17వ శతాబ్దమున స్పష్టముగా పొడచూపినది. ఫ్రెంచి తాత్త్వికుడగు డేకార్టు 1649లో ప్రకటించిన మనోవికారగ్రంథమున, మిత్రుడు పరిహాసమునకై మన కన్నులవైపు చేయి చాచినను, హాని యుండదని తెలిసియు ఱెప్ప మూయకుండుట దుష్కరమని చూపెను. మనకిష్టము లేకయే జరుగు చేష్ట గనుక దీనికి కర్త జీవుడు కాడు, దేహయంత్రమే కర్త యని యతని సిద్ధాంతము. డేకార్టు ఆత్మను నిరాకరింపలేదు. ఱెప్పను మాత్రము దాని యధికారమునుండి తప్పించెను. కణాదుడు ఆత్మకు సాక్షిగా నిలిపిన ఱెప్పనే యతడు యంత్రమునకు సాక్షిగా నిలిపెను.

యంత్రమందలి త్రాళ్లను పరిశోధించినది 19వ శతాబ్దము. స్కాట్లండునందు జన్మించిన చార్లెస్ బెల్ 1821లో ముఖనాడినిగూర్చి వ్రాసెను. అది దెబ్బతిన్నచో ముఖమున నొకవైపు చచ్చుబడి, ఆవైపు కన్ను మూతపడదు. ఆ రోగము నేటికిని బెల్ పక్షవాతమనబడుచున్నది. ఱెప్ప మూయుటకు, తెఱచుటకు వేర్వేఱు కండరములును వేర్వేఱు నాడులును గలవు. కంటిచుట్టు వలయాకారమున నున్న కండరము ముఖనాడివశమున మూయును. పైఱెప్పను లేవనెత్తు కండరము నేత్రచాలకనాడివశమున తెఱచును. ఱెప్ప వాలునప్పుడు లేవనెత్తు కండరము ముందు సడలును, పిదప వలయకండరము బిగియును. నిమేషము, ఉన్మేషము అని మనవారు రెండు పేరులు పెట్టుట శరీరనిర్మాణమునకును సరిపోవుచున్నది.

1952లో కూగెల్‌బెర్గ్ కనుబొమపైనున్న నాడిని విద్యుత్తుతో తాకి, ఱెప్ప మూయు కండరము రెండుసారులు స్పందించుటను కనుగొనెను. మొదటి స్పందనము సెకనులో నూఱవవంతునకు, తాకినవైపు మాత్రమే కలుగును. రెండవది నూటికి మూడు పాళ్ల కాలమునకు రెండువైపులను కలుగును. వార్త త్రిధారనాడిద్వారమున మెదడుకాండమును జేరి, అటనుండియే ముఖనాడికి మరలును. దీనినే అసంకల్పిత ప్రతీకారచర్య యందురు. ప్రజ్ఞ తప్పిన రోగికిని, కంటి నల్లగ్రుడ్డుపైనుండు స్వచ్ఛపటలమును దూదిపోగుతో తాకినచో ఱెప్ప మూతపడవచ్చును. మెదడుకాండము పనిచేయుచున్నదా యని వైద్యులు పరీక్షించు విధములలో నిదియొకటి. ఇంతవఱకు జయము డేకార్టుదే యని తోచును.

కాని ఎవ్వరును తాకకుండ, చేయి చాపకుండ, నిమిషమునకు పదునైదు సారులు వాలు ఱెప్పమాటేమి? కన్ను ఎండిపోవుటయే కారణమని చిరకాలము తలచిరి. 1927లో పాండరు, కెన్నెడీ యను నిరువురు ఈ మతమును పరీక్షించి, గాలియందలి తేమ మాఱినను ఱెప్పపాటుల సంఖ్య అందుకు తగినట్లు మాఱదనియు, మనస్సుయొక్క బిగువును బట్టియే మాఱుననియు నిర్ణయించిరి. 1997లో బెంటివోలియో మొదలగువారు 150 మందిని పరీక్షింపగా, ఊరకున్నప్పుడు నిమిషమునకు సగటున 17, మాటలాడునప్పుడు 26, చదువునప్పుడు 4½ ఱెప్పపాటులు కానవచ్చినవి. కంటి తేమయే కర్తయైనచో పుస్తకము తెఱచినంతనే సంఖ్య యింత తగ్గుటకు హేతువు లేదు. మెదడునందు డోపమీను తఱుగుటచే గలుగు పార్కిన్సన్ వ్యాధియందు ఱెప్పపాటు అరుదై చూపు నిశ్చలమగుటయు, లోపలి నియంతృత్వమునకే సాక్ష్యమిచ్చుచున్నది.

ఱెప్ప వాలినప్పుడు చీకటి యేల తోపదను ప్రశ్నయు దీనితో ముడిపడియున్నది. 1980లో వోక్‌మన్, రిగ్స్, మూర్ అనువారు గాజునారద్వారమున కాంతిని నోటి పైకప్పుమీదుగా నేత్రపటలమునకు పంపిరి. ఱెప్ప అడ్డుపడని యా వెలుగును గుర్తించు శక్తియు ఱెప్పపాటు వేళ తగ్గుచుండెను. 2005లో బ్రిస్టో మొదలగువారు ఇట్టి యుపాయముతోనే మెదడు చిత్రములు తీసి, ఆ వేళ దృష్టికి సంబంధించిన కొన్ని భాగముల చేష్ట తగ్గుటను జూచిరి. కావున చీకటిని కప్పిపుచ్చునది మెదడే; ఱెప్పకు పంపు నాజ్ఞతోపాటు చూపునకును ఆజ్ఞ పోవుచున్నది.

జపానుదేశమున టమామి నకానో మొదలగువారు 2009లో మాటలు లేని హాస్యచిత్రమును జనులకు చూపగా, చూచువారి ఱెప్పలు తఱచు ఒకే సమయమున వాలినవి. కథలో నొక పని ముగిసిన చోటులను, ముఖ్యపాత్ర కానరాని చోటులను అట్లు జరిగెను. కథలేని దృశ్యములయందు జరుగలేదు. అనగా, వాక్యాంతమున చదువరి నిలిచినట్లు, విషయాంతమున మనస్సు నిలిచి ఱెప్ప వాల్చుచున్నది. అదే పరిమాణమున చిత్రమును చీకటిచేసినపుడు కలుగని మార్పు, ఱెప్పపాటువేళ మెదడునందు కలుగుచున్నదని వారే 2013లో చూపిరి. బయటివిషయములపై లక్ష్యముంచు భాగముల చేష్ట తగ్గి, అంతర్ముఖమైన తలపునకు సంబంధించిన భాగముల చేష్ట క్షణకాలము హెచ్చుచున్నది.

దీనినిబట్టి నిమేషము త్రివిధమని తేలుచున్నది: ఇచ్ఛాపూర్వకము, ప్రతీకారరూపము, సహజము. డేకార్టు రెండవదానిని జూచి సర్వమును యంత్రమనెను. వైశేషికులు నియతిని జూచి సర్వమునకు ప్రయోక్తను కల్పించిరి. తర్కపరిభాషలో చెప్పినచో, నిమేషమాత్రము ఆత్మకు హేతువు కానేరదు. ప్రజ్ఞ లేనివానియందును ప్రతీకారనిమేషము కానవచ్చుటచే, జ్ఞానవంతుడైన కర్తను సాధింపబోవు నా హేతువు సవ్యభిచారమగుచున్నది. నేటి శాస్త్రమంతయు కణాదుడు ముందే చెప్పెననుట యెంత తప్పో, అతని సూత్రము పాతకాలపు భ్రమ యనుటయు నంత తప్పు. సహజనిమేషమునకు కారణము కన్ను కాదు, లోపల నొక నియమము కలదను పరిశీలనము నిలిచినది. ఆ నియమము ఒక్క సూత్రధారి చేతిలోనున్నదను ననుమానము మాత్రము నిలువలేదు. మెదడుకాండము, డోపమీను, లక్ష్యము, తలపు అను పెక్కుచేతులలో నా త్రాళ్లు పంచుకొనబడియున్నవి. సూత్రమును బోధించు పండితులు ఈ భేదమును విద్యార్థులకు విడమఱచి చెప్పుట, కణాదునకు గౌరవమే గాని లాఘవము కాదు.