విల్లా లా రోష్

విల్లా లా రోష్ ఫ్రాన్సు దేశ రాజధాని పారిస్‌లో, నగరపు 16వ విభాగంలో ఉన్న ఒక ఆధునిక గృహము. స్విట్జర్లాండుకు చెందిన బ్యాంకరు, చిత్రాల సేకర్త రౌల్ లా రోష్ (1889–1965) కొరకు వాస్తుశిల్పి లె కొర్బూజియే, ఆయన దాయాది పియర్ జెన్నరే దీనిని 1923–1925 మధ్య నిర్మించారు. సొంత చిత్రాల మధ్య నివసించుటకు అనువుగా రూపొందించిన తొలి ఆధునిక గృహాలలో ఇది ప్రసిద్ధమైనది.

నేపథ్యము

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఫ్రెంచి ప్రభుత్వము జర్మను చిత్రవర్తకుడు కాన్‌వైలర్ వద్దనున్న చిత్రాలను జప్తు చేసి, 1921–1923లో వేలం వేసింది. లె కొర్బూజియే, చిత్రకారుడు ఒజాన్‌ఫాన్‌ల సహాయంతో లా రోష్ ఆ వేలాలలో పికాసో, బ్రాక్ మొదలైనవారి చిత్రాలను కొన్నాడు. అంతటి సేకరణకు తగిన ఇల్లు ఉండాలని లె కొర్బూజియే ఆయనకు సూచించాడు.

నిర్మాణము

మూడంతస్తుల ఎత్తుగల హాలు ఇంటిని రెండుగా విభజిస్తుంది. ఒకవైపు నివాసపు గదులు, మరొకవైపు చిత్రశాల ఉన్నాయి. చిత్రాలను వ్రేలాడదీయుటకు గోడలు, చూచుటకు వెలుతురు రెండూ కావాలి గనుక చిత్రశాల కిటికీలను గోడల పైభాగాన పొడవుగా అమర్చారు. వంపు తిరిగిన గోడ వెంట ఒక ఏటవాలు దారి గ్రంథాలయానికి చేరుతుంది. నడుస్తున్నకొలదీ దృశ్యము మారుతూ ఉండుట ఈ ఇంటి ప్రత్యేకత. 1928లో షార్లెట్ పెరియాన్ సహకారంతో చిత్రశాలలో మార్పులు చేశారు.

వివాదము

చిత్రాల అమరికపై 1925లో లె కొర్బూజియే, ఒజాన్‌ఫాన్‌ల మధ్య విభేదము ఏర్పడింది. ఒజాన్‌ఫాన్ చిత్రాలను ఇల్లంతా వ్రేలాడదీయగా, కొన్ని గోడలు ఖాళీగానే ఉండాలని లె కొర్బూజియే పట్టుబట్టాడు. తాను కోరినది చిత్రాలకు చట్రము మాత్రమే కాగా, గోడలే ఒక కావ్యమైనవని లా రోష్ 1926లో ఆయనకు ఛలోక్తిగా వ్రాశాడు. ఇల్లు కళాఖండాలకు నేపథ్యమా, లేక తానే ఒక కళాఖండమా అన్న ఈ ప్రశ్న తరువాతి కాలపు వాస్తుశిల్పులకు కూడా ఎదురైనది.

తరువాతి చరిత్ర

లా రోష్ తన సేకరణలోని అనేక ముఖ్య చిత్రాలను 1952 నుండి బాసెల్ నగర కళా మ్యూజియంకు దానమిచ్చాడు. ఇల్లు లె కొర్బూజియే ఫౌండేషన్‌కు చెందినది; సందర్శకులు దీనిని చూడవచ్చును. 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన లె కొర్బూజియే 17 నిర్మాణ స్థలాలలో ఇది ఒకటి. చండీగఢ్‌లోని కాపిటల్ కాంప్లెక్స్ కూడా వాటిలో ఉన్నది.