సుంకపు గడప

రామచంద్రపురమునుండి ఆగ్నేయదిశగా బయలుదేరిన బాటసారికి కొలదిమైళ్లలోనే ద్రాక్షారామ భీమేశ్వరాలయము కానవచ్చును. అటుపిమ్మట కాలువగట్లు, వరిచేలు, కొబ్బరితోటలు దాటి గౌతమీతీరము చేరినచో ఇంజరము, యానాము ఎదురగును. ఒక పూటలో ముగియు నీ ప్రయాణములోనే యతడు మూడు పరదేశరాజ్యముల వర్తకస్థానములను చూచినవాడగును. ద్రాక్షారామమున డచ్చివారు, ఇంజరమున ఆంగ్లేయులు, యానామున ఫ్రెంచివారు కోఠీలు నెలకొల్పి, యీ సీమ సాలెల మగ్గములపై నేసిన బట్టను పోటీపడి కొని ఓడల కెక్కించిరి.

ఒకే నదీజలము త్రాగి, ఒకే భాష మాటలాడి, ఒకరితో నొకరు వియ్యమందుచున్న జనుల నడుమ ఈ దొరల దస్తావేజులు గీతలు గీచెను. గీత గీచినచోట సుంకము పుట్టును. సుంకము పుట్టినచోట దాని నెగవేయువాడును పుట్టును. ఇరుగుపొరుగు రాజ్యముల నడుమ నుండు ఈ సుంకపు గడపను తొలగించుట యెట్లు, తొలగించిన పిమ్మట అది మరల మొలవకుండుట యెట్లు అను ప్రశ్నకు మన గోదావరిసీమ చరిత్రయే కొంత సమాధాన మీయగలదు.

సుంకము తగ్గించి వర్తకము పెంచవచ్చునను తెలివి మనకు పశ్చిమదేశములనుండి దిగుమతియైనది కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. అంతకుపూర్వము గాలివానకు పగిలి తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకునంతయు రాజులు బలిమిచే హరించుచుండిరి. గణపతిదేవుడు ఆ దురాచారమును మాన్పి, ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకవంతు మాత్రమే సుంకముగా గైకొందునని మాట యిచ్చెను. 1323లో కాకతీయరాజ్యము కూలినది. తెలుగుదేశము కొండవీట రెడ్లకు, రాచకొండ వెలమనాయకులకు, పిఠాపురమున కొప్పులనాయకులకు చీలిపోయినది. ఒండొరులతో పోరాడుచున్న ఆ కాలముననే కొండవీటి అనపోతారెడ్డి 1358లో మోటుపల్లియందు మరియొక ధర్మశాసనమును నిలిపెను. వర్తకులు తమకు నచ్చినపుడు వచ్చి, నచ్చినపుడు పోవచ్చును. బిడ్డలు లేక మరణించినవాని సొత్తును రాజు తీసికొనడు. సుంకము తక్కువయగుట ఒక మేలు. అది యెంతయో ముందుగా తెలియుట అంతకు మించిన మేలు. రాజు మాట శిలపై చెక్కబడియున్నచో, దూరదేశపు బేరగాడు ధైర్యముతో తెరచాప యెత్తును.

ఈ పాఠమును తరువాతివారు మరచిరి. కుంఫిణీవారి యేలుబడి తొలినాళ్లలో సాయరు చౌకీలు దారిపొడవున నుండి, ఒక తాలూకానుండి మరియొక తాలూకాకు పోవు సరకుపైనను సుంకము గుంజుచుండెను. చెన్నరాజధానిలో ఈ లోనాటి సుంకములు 1844లోగాని రద్దుకాలేదు. లోపలి గడపలు తొలగినను, యానాము చుట్టునున్న వెలిగడప మాత్రము నిలిచినది.

ఫ్రెంచివారు 1731లో యానామున స్థిరపడిరి. ఐరోపాలో యుద్ధము రేగినపుడెల్ల ఆంగ్లేయులు దానిని పట్టుకొనుట, సంధి కుదిరినపుడు మరల నిచ్చుట పలుమారులు జరిగెను. నెపోలియను యుద్ధముల యనంతరము తుదిసారి తిరిగి యిచ్చు సందర్భమున, 1815లో లండనులో ఒక ఒడంబడిక కుదిరెను. ఫ్రెంచిసీమలలో పండిన ఉప్పులో అచ్చటి జనుల వాడుకకు పోగా మిగిలినదానిని ఆంగ్లప్రభుత్వమే కొనవలెను. అందులకు ప్రతిగా ఏటేట నాలుగు లక్షల సిక్కారూపాయలు ఫ్రెంచివారికి చెల్లింపవలెను. చూచుటకిది వర్తకపు పొత్తు. దాని యంతరార్థము మాత్రము ఆంగ్లేయుల ఉప్పు ఇజారాకు పోటీ లేకుండ చేయుటయే. ప్రతి వంటింటిలోను నుండవలసిన ఉప్పును గూర్చి దూరముననున్న దొరలు బేరమాడిరేగాని, ఉప్పు పండించు కూలివానిని, కొను గృహిణిని అడిగినవారు లేరు.

ఇరువైపుల సుంకములు సమముగా నున్నపుడు గీతవలన గొప్పబాధ యుండదు. 1882లో బ్రిటిషు ఇండియా దిగుమతి సుంకములను చాలవరకు తీసివేసెను. 1894లో మరల విధించెను. మొదటి ప్రపంచయుద్ధము నాటినుండి అవి పెరుగుచు వచ్చెను. పరరాజ్యపు మెట్టసరిహద్దులకై 1924లో ప్రత్యేకచట్టమే పుట్టినది. గట్టు కీవల హెచ్చుధర, ఆవల తక్కువధర యైనపుడు, ఆ తేడాయే దొంగరవాణాదారునకు జీతమగును. న్యాయముగా సుంకము చెల్లించు అంగడివాడు నష్టపడును.

గడప దాటునవి సరకులు మాత్రమే కావు. బాల్యవివాహములను నిషేధించు శారదాచట్టము 1929లో శాసింపబడి, 1930 ఏప్రిలు 1నుండి అమలునకు వచ్చెను. బాలికకు పదునాలుగు, బాలునకు పదునెనిమిది యేండ్లు నిండవలెనని దాని నియమము. ఆ చట్టము ఫ్రెంచి గడ్డపై చెల్లదు. కావున కోనసీమనుండి, పరిసరములనుండి పసిబిడ్డలను వెంటబెట్టుకొని పెండ్లివారు యానాము చేరిరి. ఆ యూరికి కల్యాణపురమను వాడుకపేరు ఈ పెండ్లిండ్లవలననే వచ్చినదందురు. సంస్కర్తలు యేండ్లతరబడి పాటుపడి సాధించిన రక్షణను పడవదాట్లో, బండిదారిలో వదలుకొని పోవచ్చునన్నమాట! చట్టములలోని తేడా యెవరికి లాభమో, యెవరికి నష్టమో ఇంతకంటె స్పష్టముగా చెప్పు దృష్టాంతము కలదా? సుంకపు తేడాలో ఖజానా నష్టపడినది. ఇచ్చట నష్టపడినది అడుగుటకు నోరులేని ఆడుబిడ్డ.

రెండవ ప్రపంచయుద్ధమున ఫ్రాన్సు జర్మనీకి లొంగగా, ఫ్రెంచి ఇండియా స్వతంత్ర ఫ్రాన్సు పక్షము వహించి ఆంగ్లేయులకు చేరువయ్యెను. 1941లో ఉభయుల నడుమ సుంకసమాఖ్య యేర్పడెను. సుంకము విషయమున రెండు సీమలు ఒక్కటిగా నెంచబడెను. గడప తొలగినది. కాని యెనిమిదేండ్లే! ఫ్రెంచిసీమల విలీనముపై వివాదము ముదరగా, 1949లో స్వతంత్ర భారతప్రభుత్వము ఆ సమాఖ్యను ముగించెను. చౌకీలు మరల లేచెను. 1954 జూను 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వమున విలీనవాదులు యానామును చేజిక్కించుకొనిరి. ఆ నవంబరు 1న పరిపాలన భారతదేశమునకు సంక్రమించెను; 1962 ఆగస్టు 16న చట్టరీత్యా విలీనము పూర్తియయ్యెను.

ఆ సమాఖ్య యేల నిలువలేదు? జర్మను రాజ్యముల చరిత్రతో పోల్చిచూచిన కారణము బోధపడును. 1834లో ప్రష్యా ప్రధానముగా నేర్పడిన జర్మను సుంకసమాఖ్యలో, వసూలైన సుంకమును జనసంఖ్య ననుసరించి పంచుకొనిరి. సమాఖ్యసభయందు చిన్నరాజ్యము సమ్మతింపనిదే మార్పు జరుగరాదు. బెల్జియము, హాలండు, లగ్జెంబర్గులు 1944లో ఒప్పందము చేసికొని, 1948లో దానిని అమలుపరచినపుడును మూడు రాజ్యములును భాగస్వాములే. యానామునకట్టి మాట యెన్నడును లేదు. ఉప్పు బేరమైనను, సుంకసమాఖ్యయైనను, దాని రద్దైనను ఇతరుల యవసరములకొరకే జరిగెను. పెద్దవాని వీలునకై తీసిన గడప పెద్దవాని వీలునకే మరల వెలయును.

2017 జూలై 1న వస్తుసేవల పన్ను వచ్చినది. పుదుచ్చేరిలో భాగమైన యానామునకును, ఆంధ్రప్రదేశమునకును అనేక సరకులపై నొకే పన్ను చెల్లుచున్నది. పన్నుల మండలియందు పుదుచ్చేరికిని ఓటు కలదు. మోటుపల్లి నాటి స్పష్టతయు, జర్మనుల సమాఖ్యనాటి భాగస్వామ్యమును అందు కొంత చేరినవనవచ్చును. అయినను త్రాగు మద్యము, పెట్రోలు దాని వెలుపలనే యున్నవి. వీనిపై పన్ను తేడా యున్నంతకాలము పాత గట్టు పూర్తిగా చదునుకాదు. చౌకమద్యమునకై గట్టు దాటువాని యింట కూలిడబ్బు తరుగుట యెరిగిన యిల్లాలికి ఈ సంగతి నెవరును బోధింపనక్కరలేదు.

కావున చదువరులారా, పొరుగువారితో సుంకము తగ్గించుకొనుట మంచిదని యొప్పుకొనుటతో మన విచారణ ముగియరాదు. ఆ పొత్తులో చిన్నవానికి మాట కలదా, వచ్చిన రాబడి న్యాయముగా పంచబడుచున్నదా, సరకుతోపాటు బలహీనులను కాపాడు చట్టమును గట్టు దాటుచున్నదా యని మూడు ప్రశ్నలు వేయవలెను. యానాము గట్టున రెండు శతాబ్దములకు పైగా జరిగినదంతయు ఈ మూటిని అడుగనివారి కథయే.