పాత కారు చేతికొచ్చిందా? రిపేరుకు ముందు ఈ లెక్క చూడండి

అబ్బా వాడిన కారో, మామూ ఇచ్చిన కారో ఇంటికొస్తే ముందు ఆర్సీ చూడండి. సొంత కార్ల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే. ఆ తర్వాత ఫిట్‌నెస్ పాసైతే 5 ఏళ్లకోసారి రెన్యువల్. 2022 ఏప్రిల్‌లో దీని ఫీజును రూ.5,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ అదనం.

టైర్లు, బ్యాటరీ, క్లచ్ మార్చడం ఏ కారుకైనా తప్పని ఖర్చే. ఛాసిస్ తుప్పు పట్టినా, ఇంజిన్ ఆయిల్ తాగి నీలం పొగ వదులుతున్నా ఆగి ఆలోచించాలి. రెండు గ్యారేజీల్లో ఎస్టిమేట్ రాయించుకోండి. కారు ఇప్పుడు పలికే ధరలో అది సగం దాటితే అమ్మేయడమే మేలు.

ఆర్సీ పాత పేరు మీదే ఉంటే, యాక్సిడెంట్ అయినప్పుడు మీ కారు నష్టానికి బీమా క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. యజమాని చనిపోతే 3 నెలల్లోపు ఫారం 31తో దరఖాస్తు చేయాలి. అమ్మాలన్నా ఇది తప్పదు. పేరు మారాకే రిపేరుకు డబ్బు పెట్టండి.