సంక్రాంతి బగ్గు, సాహా గారి ప్యాచ్

2024 సంక్రాంతికి నేనో ఘనకార్యం చేశా. పెద్ద పండగ ఎప్పుడూ జనవరి 14నే కదా అనే ధీమాతో, పంచాంగం చూడకుండా 15 రాత్రికి తిరుగు టికెట్ బుక్ చేసేశా. తీరా చూస్తే ఆ ఏడు పండగే 15న! "కనుమ నాడు కాకైనా కదలదురా" అని అమ్మ అంటూనే ఉంది, నేను కనుమ పొద్దున్నే హైదరాబాదులో దిగాను. మినపగారెలు హుళక్కి.

ఆ ఉక్రోషంతో అసలీ తేదీ ఎందుకు కదులుతుందా అని తవ్వితే మేఘనాద్ సాహా తగిలారు. అవునండీ, 1920లో అయనీకరణ సమీకరణం ఇచ్చిన ఆ సాహానే. అప్పట్లో దేశంలో దాదాపు 30 రకాల క్యాలెండర్లు వాడుకలో ఉండేవి. ఒకే పండగ ఇక్కడ ఇవాళ, అక్కడ రేపు. దీన్నొక దారిలో పెట్టమని 1952లో ప్రభుత్వం ఆయన అధ్యక్షతన క్యాలెండర్ సంస్కరణ కమిటీ వేసింది.

వాళ్ళు ఎత్తిచూపిన బగ్గు మనవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. సూర్యసిద్ధాంతం ప్రకారం ఏడాదికి 365.2588 రోజులు. ఋతువులు తిరిగి రావడానికి పట్టేది 365.2422 రోజులే. తేడా రెండో దశాంశస్థానంలో ఉంది, ఎవరికి పడుతుంది? కానీ లూపు 1400 సార్లు తిరిగేసరికి 23 రోజులైంది. సూర్యుడు ఉత్తరానికి మళ్ళేది డిసెంబర్ 22 ప్రాంతంలో, మనం ఉత్తరాయణ పుణ్యకాలం అని స్నానాలు చేసేది జనవరి మధ్యలో. (14, 15ల మధ్య ఊగడంలో లీపు సంవత్సరాల పాత్ర కూడా ఉంది, అది వేరే కథ.)

మరి సాహా కమిటీ సంక్రాంతిని డిసెంబర్‌కి లాగేసిందా? లేదు. ప్రభుత్వ వాడకానికి మాత్రం మార్చి 22న మొదలయ్యే శక సంవత్సరం పెట్టమంది. పండగల లెక్కలో పేరుకున్న 23 రోజుల్ని అలాగే వదిలేసి, ఇకముందు పెరగకుండా అక్కడే బిగించమంది. పాత యూజర్లని ఇబ్బంది పెట్టకుండా ప్యాచ్ వెయ్యడం అంటే ఇదే. నాస్తికుడిగా పేరున్న మనిషి ఇంత ఓపిక పట్టారంటే నాకు ముచ్చటేసింది.

నివేదిక 1955లో వచ్చింది. సాహా 1956 ఫిబ్రవరిలో పోయారు. 1957 మార్చి 22న, అంటే శక 1879 చైత్రం 1న, జాతీయ క్యాలెండర్ అమల్లోకొచ్చింది. ఇప్పటికీ గెజెట్ మీద ఆ తేదీ ఉంటుంది. చూసేవాళ్ళు ఎందరో నాకైతే అనుమానమే. పండగల దగ్గర మాత్రం ఎవరి పంచాంగం వాళ్ళదే, బిగించమన్న మాట ఎవరూ వినలేదు.

ఏమాటకామాటే, లెక్క సాహా గారిదే రైటు. అయినా డిసెంబర్ 22న సంక్రాంతి చేస్తామంటే నేనే ఒప్పుకోను. అప్పటికి మా ఊళ్ళో కుప్ప నూర్పిళ్ళు కూడా అవ్వవు. పైగా ఆఫీసులో ఆ వారం సగం టీము క్రిస్మస్ సెలవుల్లో ఉంటుంది, నాకు లీవు ఎవడిస్తాడు?